సోలెడు తౌడు

రాళ్ళకుంట, తొర్రూరు టపా
శ్రావణ బహుళం, బుధవారం

సువార్తక్కకు మొగిలి రాస్తున్నది.

ఆదివారం నుంచి ముసురు. నాట్లు అయిపోయాయి. మక్కచేనులో కలుపు తీయాలి కానీ కాలు పెడితే మోకాలి దాకా దిగుతోంది. మగవాళ్ళు కొట్టంలో కూర్చుని తాళ్ళు పేనుతున్నారు. నేను వడ్లు దంచి, బియ్యం చెరిగి, పిల్లవాడు పడుకున్నాడు కాబట్టి ఇది రాస్తున్నాను. మీ నాయన కొట్టి నేర్పిన అక్షరాలు ఇప్పుడు పనికొస్తున్నాయని ఆయనకు చెప్పు.

నువ్వు వెళ్ళిన తర్వాత మా అత్తకు కొత్త ఫికర్ పట్టుకుంది. నువ్వు వచ్చిన రోజు మా పిల్లవాడిని కొన్నావు కదా, అప్పుడు నువ్వు ఇచ్చిన సోలెడు తౌడు ఎక్కడిదని అడిగింది. మన కుండలోదేనని చెప్పాను. అంతే, రోకలి వదిలేసి నెత్తి పట్టుకుంది.

"ఓసి మీ తెలివి పాడుగాను! మన తౌడు మనకే ఇచ్చి మన పోరన్ని కొన్నదా? గదేం అమ్ముడే? అంగట్ల ఎవడన్న నీ పైసలు నీకే ఇచ్చి నీ బర్రెను తోలుకపోతే ఊకుంటవా?"

"ఆమెకు మన రివాజు ఏమెరుక అత్తా. నువ్వే కద పోరన్ని చాటల పండబెట్టి ఆమె చేతుల పెట్టినవ్" అన్నాను.

"పక్కింటి కట్టమ్మ కొనాలె. గది నాట్లకు పోయె. ఎదురుంగ ఈమె కనబడె. పెట్టిన. పెట్టంగనే అన్నీ ఎర్కున్నదాని లెక్క పోయి మన కుండల్నే చెయ్యి పెట్టింది."

నవ్వుతావని తెలుసు. కానీ ఆమెకు ఇది నవ్వులాట కాదు. నాకు మొదట పుట్టిన ఆడపిల్ల పురిట్లోనే పోయింది. తర్వాతి పిల్లవాడిని జ్వరమొస్తే దవాఖానకని బండిలో తీసుకుపోతున్నప్పుడు, ఇంకా బస్సు దాకా కూడా చేరకముందే ఆమె ఒడిలో పోయాడు. అందుకే వీడు దక్కాలంటే మావాడు కాకూడదని, తౌటికి అమ్మాలని, తౌటయ్య అని పిలవాలని పట్టుబట్టింది. ఇప్పుడు ఆ అమ్మకమే చెల్లలేదంటోంది. కట్టమ్మకు మళ్ళీ అమ్ముతానంటోంది. ఒకసారి అమ్మినవాడిని మళ్ళీ ఎలా అమ్ముతారని కట్టమ్మ వెనకాడుతోంది.

ఒకటి అడగాలి. పాలు తాగినప్పుడల్లా కొంచెం కక్కుతున్నాడు. పెరుగు ముక్కల్లాగా ఉంటుంది. వెక్కిళ్ళు కూడా వస్తున్నాయి. ఏమైనా చేయాలా? నీకు ఇద్దరు పిల్లలు కాబట్టి అడుగుతున్నాను. వెంటనే రాయి.

మొగిలి


డోర్నకల్, రైల్వే లైన్లు
1943 సెప్టెంబరు మొదటివారం

చెల్లె మొగిలికి వందనాలు.

నీ ఉత్తరం తడిసి వచ్చింది. సగం ఊహించి చదివాను. మీ దగ్గర ముసురు, మా దగ్గర బొగ్గుపొడి. ఆరేసిన తెల్లబట్టలు సాయంత్రానికి బూడిదరంగుకు తిరుగుతాయి. మీ బావ ఇంజనులో బొగ్గు వేసి వస్తే కళ్ళు, పళ్ళు తప్ప మనిషి కనబడడు. ఏసమ్మకు ఏడాది నిండినా తండ్రి ముఖం కడుక్కున్న తర్వాతే దగ్గరికి పోతుంది.

కక్కడం గురించి. తాగింది ఎక్కువైతే కక్కుతాడు. భుజాన వేసుకుని వీపు మీద మెల్లగా తట్టు. వెక్కిళ్ళకు ఏమీ చేయకు. నేను సాల్మన్ పుట్టినప్పుడు వెక్కిళ్ళకే వాడిని ఎత్తుకుని మిషను దవాఖానకు పరుగెత్తాను. మీ బావ ఒక చెప్పుతో వెనక పరుగెత్తాడు. అక్కడి నర్సమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది.

"నీ పిల్లగాడు పాలు తాగుతాండా? తాగి పంటాండా? అట్లయితే ఇంటికి పో, నాకు పని చెడగొట్టకు" అంది. "పాలు వద్దంటే రా. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతాంటే రా. లేపితే లేవకపోతే రా. అప్పుడు మాత్రం పొయ్యి మీద కూర మాడినా సరే, దింపుడు గూడ పెట్టుకోకుండ రా."

నాకు ఆ మాట ఇప్పటికీ గుర్తుంది. మీ తౌటయ్య కక్కేంత తాగుతున్నాడంటే వాడికి ఏ లోటూ లేదు.

ఇక అమ్మకం సంగతి. మీ అత్తకు చెప్పు, కొన్న సరుకు తిరిగి ఇచ్చేది లేదు. మా పాస్టరుగారికి తెలిస్తే నన్ను ముందు వరసలోంచి లేపి వెనక వరసలో కూర్చోబెడతాడు. నేను నమ్మి చేయలేదు. ఆమె కళ్ళు చూసి చేశాను. తౌడు ఎవరి కుండలోదో చూడాలని ఎవరు చెప్పారు నాకు?

మీ బావ నీ ఉత్తరం చదివి ఒకటే నవ్వు. మళ్ళీ తుమ్మితే కూడా రాస్తావేమో!

సువార్త


రాళ్ళకుంట
ఆశ్వయుజం, సద్దుల బతుకమ్మ మరునాడు

అక్కకు,

వానలు వెనక్కి పోయాయి. మక్కలు ఒలవడం అయింది. నిన్న బతుకమ్మకు తంగేడు పూలు కోయడానికి పోయి చేతులంతా గీరుకున్నాయి. పిల్లవాడిని చూడమని అత్తకిచ్చి ఆడటానికి పోయాను. రెండు చుట్లు తిరిగానో లేదో మనసు నిలవక ఇంటికి వచ్చేశాను. వాడు అత్త కాళ్ళ మీద పడుకుని చూరు కేసి చూసి నవ్వుతున్నాడు.

"ఎందుకొచ్చినవే?" అంది.

"ఏడుస్తాండేమోనని."

"ఏడిస్తే నీకు పాట మీదికెళ్ళి ఇనబడుతదా? నువ్వు ఏడ్పు కోసం చెవి పెట్టుకొని ఆడుతాంటే గౌరమ్మకు కోపమొస్తది, పో."

పోలేదు.

నువ్వు తుమ్మితే రాస్తావేమో అన్నావు. రాస్తున్నాను. మొన్న వరసపెట్టి తుమ్మాడు. అంతకు ముందు విరేచనం పచ్చగా, ఆకుపసరులాగా అయింది. మళ్ళీ బాగానే అయింది. నుదురు వెచ్చగా ఉందని అత్తను ముట్టి చూడమన్నాను. "ఎండల పండబెట్టి వెచ్చగున్నడంటవు. మరి చల్లగుండాల్నా?" అంది. నీడలోకి తెచ్చి చూస్తే చల్లగానే ఉన్నాడు. మా ఆయన ఏమీ అనడు. తల్లి మాట్లాడుతుంటే గోడకేసి చూస్తాడు. పుట్టినప్పటి నుంచి ఆయనకు అదే అలవాటట.

నాకు తెలుసు నేను ఎక్కువ చూస్తున్నానని. కానీ చూడకుండా ఎట్లా ఉంటారు? నిద్రలో ఊపిరి వినబడకపోతే ముక్కు దగ్గర వేలు పెడతాను. వేలికి గాలి తగిలితేనే నేను పడుకుంటాను. వేలు తగిలి వాడు లేస్తాడు. ఇక ఇద్దరం పడుకోము.

కట్టమ్మ తౌటికి ఇంకా ఒప్పుకోలేదు.

మొగిలి


డోర్నకల్
1943 అక్టోబరు

మొగిలీ,

నీ ఉత్తరం చేరగానే బావి దగ్గర నీళ్ళు చేదుతూనే చదివాను. మాకు పాలు పోసే పూలమ్మ, "ఏమిటమ్మా నీలో నువ్వే నవ్వుతున్నావ్" అంటే పైకి చదివాను. మా క్వార్టర్ల లైను ఆడవాళ్ళంతా బిందెలు దించుకుని విన్నారు. ముక్కు దగ్గర వేలు పెట్టే చోట అందరూ కడుపు పట్టుకున్నారు. పక్కింట్లో ఎవరు ఎక్కువ ఫికర్ పడ్డా ఇప్పుడు మా లైనులో "ఏందే, మొగిలి లెక్క చేత్తానవ్" అంటున్నారు. నువ్వు ఎప్పుడూ చూడని ఊళ్ళో నీకు పేరొచ్చింది.

మీ బావ అంటాడు, "మొగిలికి పిల్లగాడు పుట్టిండా, గడియారం పుట్టిందా? గంటగంటకు చూస్తది!"

ఆకుపసరు విరేచనం పోయింది కదా, మరిచిపో. తుమ్ము ముక్కులో దుమ్ముకు వస్తుంది. పాలు తాగుతున్నాడా? బరువు పెరుగుతున్నాడా? నువ్వు రాయలేదు కానీ నాకు తెలుస్తోంది, తాగుతున్నాడు. లేకపోతే నువ్వు నాలుగు కాగితాలు రాసేదానివి.

వచ్చేసారి పిల్లవాడి సంగతి కాక చేల సంగతి రాయి. మాకు బొగ్గు తప్ప ఏమీ కనబడదు. వేరుశనగ ఎట్లా పండింది? మీ ఊళ్ళో సర్కారు లెవీ ధాన్యానికి ఎవరు వచ్చారు? కిరసనాయిలు దొరుకుతోందా? ఇక్కడ యుద్ధం పేరు చెప్పి సగం సీసాకు రోజంతా నిలబెడుతున్నారు.

సువార్త


రాళ్ళకుంట
మార్గశిరం, శనివారం

అక్కకు,

చలి బాగా ఉంది. పొద్దున మంచులో ఎద్దులు కనబడవు, మెడ గంటలే వినబడతాయి. వరి కోతలు సగం అయ్యాయి. పత్తి ఏరడానికి కూలీలు దొరకడం లేదు. వేరుశనగ బాగానే పండింది, అడవి పందులు కొంత తిన్నాయి. కిరసనాయిలు లేదు, ఆముదం దీపం పెడుతున్నాం. లెవీకి పట్వారీ మనిషి వచ్చి కొలుచుకుని పోయాడు.

నువ్వు అడిగినవన్నీ రాశాను.

పిల్లవాడు బాగానే ఉన్నాడు. కొంచెం జలుబు. అత్త వాము పొగ వేస్తోంది. అమ్మకం చెల్లలేదు కాబట్టే వీడికి ఇట్లా అయిందని అంటోంది. కట్టమ్మ ఎట్లాగో ఒప్పుకుంది. గురువారం మంచిదట, ఆ రోజు మళ్ళీ అమ్ముతారట. అప్పటిదాకా కదపొద్దంటోంది. డొక్కలు ఎగరేసే డబ్బ జబ్బు దిగితే పసుపుకొమ్ము కాల్చి పొట్ట మీద వాత పెడితే సరిపోతుందని, బండి మాట ఎత్తొద్దని అంది.

పాలు పూటకు ఒకసారి తాగుతున్నాడు. ఏడుపు సన్నగా ఉంది. బావి దగ్గర నవ్వుతారని ఇంకేమీ రాయడం లేదు.

మొగిలి


డోర్నకల్
1943 డిసెంబరు, మంగళవారం పొద్దున
(యోసేపు చేతికిచ్చిన ఉత్తరం)

మొగిలీ,

ఇది టపాలో వేయడం లేదు. వేస్తే గురువారం కూడా దాటుతుంది. మా మరిది యోసేపు సెలవు మీద ఇంటికొచ్చాడు. వాడినే పంపుతున్నాను. పాసింజరులో వరంగల్లు, అక్కడి నుంచి బస్సులో తొర్రూరు. తర్వాత నడిచి వస్తాడు.

నీ ఉత్తరంలో చేను, పందులు, పట్వారీ ముందు ఉన్నాయి. పిల్లవాడు చివర ఉన్నాడు. నువ్వు అట్లా ఎప్పుడూ రాయవు. నేను చదివి కూర్చోలేకపోయాను.

వాడి చొక్కా విప్పు. ఊపిరి తీసేటప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతోందా చూడు. పడుతుంటే ఈ కాగితం మిగతాది బండిలో చదువుకో. గుంట పడకపోయినా, పాలు తగ్గితే చాలు, బయలుదేరు. నన్ను అడగకు. నా జవాబు కోసం ఆగకు. హన్మకొండ మిషను దవాఖానకు పోండి. వాత మాత్రం పెట్టనివ్వకు.

కింద రాసింది మీ అత్తకు చదివి వినిపించు. గట్టిగా చదువు, మీ ఆయన కూడా వినాలి.

సమ్మమ్మ అత్తా, సువార్త రాస్తున్నది. నా తప్పు నేను దిద్దుకుంటున్నాను. యోసేపు భుజం మీద ఉన్న మూటలో సోలెడు కాదు, రెండు మానికల తౌడు ఉంది. మీ కుండలోది కాదు. మా ఇంట్లో రేషను బియ్యం, తౌడు ఉండదు. అందుకని బర్రెలున్న పూలమ్మకు మా కోడి పెట్టిన గుడ్లిచ్చి తీసుకున్నాను. కోడి నాది, గుడ్లు నావి, కాబట్టి తౌడు నాది. ఇది తీసుకుని పిల్లవాడిని నాకు అప్పజెప్పు. గురువారం దాకా ఎందుకు? ఇప్పుడు వాడు నావాడైతే వాడికి వాత పెట్టాలన్నా, పొగ వేయాలన్నా నన్ను అడగాలి. నేను వద్దంటున్నాను. నా పిల్లవాడిని నేను దవాఖానకు తెప్పించుకుంటున్నాను. మీ ఇంటి పిల్లవాడు దవాఖానకు బయలుదేరి దక్కలేదేమో, వీడు నీ పిల్లవాడు కాదు కదా అత్తా.

సువార్త


హన్మకొండ, మిషను దవాఖాన వరండా
మార్గశిరం, ఆదివారం

అక్కకు,

ఇక్కడ ఎండ వెచ్చగా ఉంది. వరండాలో పత్తి కూలీల లాగా బారుగా కూర్చుంటున్నాం. అత్త మూడు రాళ్ళు తెచ్చుకుని చెట్టు కింద వండుతోంది. పిల్లవాడు లోపల పడుకున్నాడు. ఊపిరి తీస్తున్నాడు. మామూలుగా తీస్తున్నాడు. ముందు ఆ మాట రాయాలని రాశాను.

యోసేపు వచ్చేసరికి పొద్దు వాలుతోంది. నువ్వు చెప్పకముందే నేను చొక్కా విప్పి చూసి ఉన్నాను. గుంట పడుతోంది. ఆ రోజు పొద్దటి నుంచి రొమ్ము పట్టలేదు. పొయ్యిలో పసుపుకొమ్ము ఉంది. నేను పిల్లవాడిని పట్టుకుని గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాను, ఇవ్వకుండా. ఎంతసేపు అట్లా నిలబడేదాన్నో తెలియదు.

నీ కాగితం గట్టిగానే చదివాను. అత్త మూట విప్పింది. తౌడు అరచేతిలో పోసుకుని వాసన చూసింది, ఊదింది.

"ఇది మర తౌడు. నూకలున్నయ్. దంపుడు తౌడు కాదు."

అక్కా, మా ఆయన గోడవైపు నుంచి తిరిగాడు. "అవ్వా, తౌడు తౌడే. మరదైతే ఏంది, దంపుడుదైతే ఏంది? నేను బండి కడుతాన" అన్నాడు. అని నిజంగానే పోయాడు. తల్లికి ఎదురు మాట్లాడటం నేను అదే మొదటిసారి చూడటం. అత్త కూడా అదే మొదటిసారి అనుకుంటాను.

యోసేపు గడప అవతలే నిలబడ్డాడు. "పెద్దవ్వా, మా వదిన సరుకు నా చేతికియ్యి. నేను తోలుకపోత. నీకు దవాఖాన బుగులైతే ఇంట్ల ఉండు" అన్నాడు.

"ఆగు. సక్కగ కానియ్యి ఈసారన్న" అని చాట తెచ్చింది. పిల్లవాడిని అందులో పండబెట్టి గడప మీదుగా అతనికి అందించి, తౌడు ఒళ్ళో పోయించుకుంది. "ఇగ మాకు సంబంధం లేదు. బతికించుకుంటరో ఏం చేసుకుంటరో మీ ఇష్టం" అంది. అంతలోనే యోసేపు మీద విరుచుకుపడింది. "గట్లనా పట్టుకునేది! మెడ కింద చెయ్యి పెట్టు! నీకు పెండ్లి గూడ కాలె, నీకు పసిపోరన్ని ఎవరిచ్చిన్రు!" పిల్లవాడిని లాక్కుని మా అందరికంటే ముందు బండి ఎక్కింది.

దారిలో పోయినసారి పిల్లవాడు పోయిన కాలువ మోరీ దగ్గరికి రాగానే ఆమె తౌటయ్య ముఖం మీద కొంగు కప్పింది. మోరీ దాటాక తీసింది. తెల్లవారగానే బస్సు దొరికింది.

డాక్టరమ్మ చేతి గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది. వీపు మీద చెవి గొట్టం పెట్టి వింది. పాలు ఎప్పటి నుంచి మానేశాడని అడిగింది. చెప్పాను. "ఇవాళ తెచ్చారు, మంచిది" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది. తెల్ల బిళ్ళ పొడి చేసి, నా పాలు పిండించి అందులో కలిపి చెంచాతో పోసింది. రొమ్ములో నిమ్ము చేరిందట.

ఇక నీకు ఒక సంగతి చెప్పాలి, కోపం తెచ్చుకోకు. నర్సమ్మ పిల్లవాడి తండ్రి పేరు అడిగింది. మా ఆయన నోరు తెరిచేలోపు అత్త, "కృపానందం. డోర్నకల్ల రైలింజన్ల బొగ్గేస్తడు" అంది. నేను అదేమిటని చూస్తే, "నువ్వూకో. మనోడేనని మనమే చెప్పుకుంటే అమ్ముడెట్ల చెల్లుతది?" అంది. అప్పటి నుంచి "కృపానందంగారి బాబుకు మందు!" అని నర్సమ్మ పిలిస్తే మా ఆయన లేచి చేతులు కట్టుకుని పోతున్నాడు. నిన్న ఒక క్రైస్తవ పెద్దమ్మ వచ్చి ఒక్కొక్క మంచం దగ్గరా ప్రార్థన చేస్తూ మా దగ్గర ఆగి, డోర్నకల్లు తల్లిదండ్రుల కోసం కూడా చేసింది. అత్త కళ్ళు మూసుకుని కూర్చుంది. అయిపోయాక, "మంచిగ జేసింది. రోజు రమ్మను" అంది.

నిన్న పొద్దున వాడే రొమ్ము వెతుక్కున్నాడు. ఆగకుండా తాగాడు. తాగి నా చీర మీద కక్కాడు. పెరుగు ముక్కలు. అది చూసి నేనూ అత్తా ఎంత నవ్వామంటే పక్క మంచం ఆమె మాకు ఏమైందని అడిగింది.

పుష్యంలో అన్నం ముట్టించాలి. నీ చేత్తో ముట్టించాలని అత్త అంటోంది. ఏది అడిగినా, "నన్నెందుకడుగుతవ్, డోర్నకల్లోళ్ళనడుగు" అంటోంది.

మొగిలి


డోర్నకల్
1943 డిసెంబరు, క్రిస్మసు మరునాడు

మొగిలీ,

నీ ఉత్తరం పండగకు ముందు చేరింది. ముందు నేను ఏడ్చాను, తర్వాత చదివాను. బావి దగ్గర కాదు, ఇంట్లో తలుపు వేసుకుని చదివాను. ఇకమీదట తుమ్మినా రాయి. వేలు పెట్టి చూసినా రాయి. మేం నవ్వితే నవ్వుతాం, నువ్వు మాత్రం రాయి.

యోసేపు వచ్చి చెప్పినదానికి, నువ్వు రాసినదానికి ఒక్కచోటే తేడా. మీ అత్త తనను కొట్టిందంటాడు. నువ్వు విరుచుకుపడిందని రాశావు. నేను మీ అత్త వైపే.

తండ్రి పేరు సంగతి యోసేపు షెడ్డులో చెప్పేశాడు. ఇంజను వాళ్ళంతా మీ బావను పట్టుకుని, "మూడో పిల్లగాడు పుట్టిండట, ఎవరికీ చెప్పకుంట దాచినవు, మిఠాయేది?" అని చుట్టూ మూగారట. చివరికి బెల్లం పంచిపెట్టి బయటపడ్డాడు. ఇంటికి వచ్చి, "నా కొడుకు ఎట్లున్నడు?" అని అడిగాడు. కొడుకంటే తాను కాక ఇంకెవరని సాల్మన్ వాదులాట పెట్టుకున్నాడు.

అన్నం ముట్టించడానికి రావాలని ఉంది. రాలేను. ఏసమ్మకు కొంచెం దగ్గు. మీ బావకు మిలటరీ బండ్లతో డ్యూటీ మీద డ్యూటీ పడుతోంది, వారంలో రెండు రోజులు కూడా ఇంట్లో ఉండడం లేదు. యోసేపు సెలవు అయిపోయి వెళ్ళిపోయాడు. అందుకని మీ అత్తనే ముట్టించమను. నా మాటగా చెప్పు, అనుమతి ఇచ్చానని. అన్నంలో నెయ్యి తక్కువ వేయమను.

పాస్టరుగారికి తౌడు సంగతి తెలిసింది. నన్ను వెనక వరసకు పంపలేదు. తనకు కూడా చిన్నప్పుడు ఇంట్లో ఒక పేరుండేదని, అది ఎవరికీ చెప్పనని అన్నాడు.

సువార్త


రాళ్ళకుంట
పుష్యం, బుధవారం

అక్కకు,

మబ్బు లేదు, చలి తగ్గలేదు. వరి నూర్పిడి అయింది, గడ్డి వాము వేస్తున్నారు. మా ఆయన వాము మీద ఉండి కేకలు వేస్తున్నాడు. ఈమధ్య ఆయన గొంతు కొంచెం వినబడుతోంది.

మేం ఇంటికి వచ్చి చాలా రోజులైంది. తౌటయ్య బోర్లా పడుతున్నాడు. పడి మళ్ళీ తిరగరాక అరుస్తాడు. అన్నం మొన్న సోమవారం అత్త ముట్టించింది. నీ మాటగా చెప్పాను. మొదటి ముద్ద ఉమ్మాడు, రెండోది మింగాడు, మూడోదానికి ఆమె వేలు కరిచాడు. పళ్ళు లేవు కాబట్టి ఆమెకు ముచ్చటే అయింది.

నీ ఉత్తరం ఆ పొద్దున్నే చేరితే, ముందు అన్నం మాటే చెప్పాను. సాయంత్రం అత్త కందులు చెరుగుతుంటే మొత్తం చదివి వినిపించాను. బెల్లం దగ్గర నవ్వింది. ఏసమ్మ దగ్గరికి వచ్చేసరికి చాట ఆపింది.

"గది మళ్ళ సదువు."

చదివాను.

"పిల్ల తింటాందని రాసిందా?"

"రాయలే."

"ఆడుతాందని రాసిందా?"

"రాయలే అత్తా. కొంచెం దగ్గు అని రాసింది. అంతే."

"నువ్వు గూడ గట్లనే రాసినవ్" అంది.

కందులు అట్లానే వదిలి లేచింది. అది ఉట్టి దగ్గే అయ్యుంటుందని, సువార్తక్కకు అన్నీ తెలుసని, పక్కనే దవాఖాన ఉందని చెప్పాను. మా ఆయన కూడా చెప్పాడు.

"దవాఖాన ఉంటె సరిపోతదా? పిల్లను ఎత్తుకొని పోయెటోళ్ళు ఉండొద్దా? మొగడు ఇంజన్ మీద, మరిది ఊళ్ళె లేకపాయె. ఇంకో పోరడున్నడు, వాన్ని ఎవలు సూడాలె?" అంది. అంటూనే డోర్నకల్లు పోవడానికి మూట కట్టుకుంది.

ఆమె రైలు ఇంతకుముందు ఎక్కలేదు. వరంగల్లు స్టేషనులో టికెట్టు తీయించి డోర్నకల్లు బండి ఎక్కించమని బస్సు కండక్టరుకు మా ఆయన చెప్పాడు. ఆమె దగ్గర ఒక చీర, సద్ది జొన్నరొట్టెలు, వాము, సాల్మన్‌కు వేరుశనగకాయలు ఉన్నాయి. ఏసమ్మకు దగ్గు తగ్గిపోయి ఉంటే కోప్పడకు, రెండు రోజులు ఉంచుకుని పంపు. తగ్గకపోతే నువ్వు పంపినా రాదు.

ఈ ఉత్తరం చేరేసరికి ఆమె మీ ఇంట్లో ఉంటుంది. నిన్న పొద్దటి బస్సుకు పోయింది.

మొగిలి